రోజూ తుడిచినా కాలికి అంటుకునే నేల: ఒక ఇంటి కేస్ స్టడీ

ఫిర్యాదు

"రోజూ తుడుస్తూనే ఉన్నామండీ. తుడిచిన గంటకే కాలికి జిగటగా తగులుతోంది. చెప్పుల్లేకుండా నడిస్తే అడుగుల ముద్రలు పడుతున్నాయి. ఎండ పడిన చోట అంతా గీతలు గీతలుగా కనిపిస్తోంది." ఇంటావిడ ఫోన్‌లో చెప్పిన మాటలివి. టైల్స్ అరిగిపోయాయని, మెరుపు ఇక రాదని ఇంట్లో అందరూ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. హాల్లో టైల్స్ మార్పించడమా, ఉన్నవాటి మీద ఇంకేదైనా పరిపించడమా అన్నది తేలక ఆగారు. ఆ పని మొదలుపెట్టే ముందు ఒకసారి చూసి చెప్పమని నన్ను పిలిచారు.

ఇళ్ళ నేలలు శుభ్రం చేయడం నా వృత్తి. నేల జిగటగా ఉందన్న ఫిర్యాదు నేను తరచూ వినేదే. అయినా ఈ ఇంటి గురించి వివరంగా రాస్తున్నాను. ఒకే కప్పు కింద నాలుగు రకాల నేలలున్నాయక్కడ. హాల్లో నున్నగా పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్స్, వంటగదిలో గరుకు సిరామిక్ టైల్స్, ఒక పడకగదిలో తెల్ల పాలరాయి, చదువుకునే గదిలో చెక్కలా కనిపించే లామినేట్. ఈ నాలుగింటినీ ఒకే బకెట్‌తో, ఒకే లిక్విడ్‌తో, ఒకే మాప్‌తో తుడుస్తున్నారు. ఒకే అలవాటు ఒక్కో నేలను ఒక్కో రకంగా ఎలా దెబ్బతీస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

మొదట చూసినవి

నేలను పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. టార్చిలైటును నేలకు ఆనించి, వెలుగు నేల వెంట పాకేలా పట్టుకుని చూడాలి. అలా చూసినప్పుడు హాలంతా వంపు వంపులుగా మాప్ తిరిగిన జాడలు కనిపించాయి. అరుగుదలైతే గీతలు నడక దారిలో ఎక్కువగా, మూలల్లో తక్కువగా ఉంటాయి. ఇక్కడ అలా లేదు, మసక అంతటా సమానంగా పరుచుకుని ఉంది.

అసలు ఆధారం సోఫా కింద, తలుపు వెనక దొరికింది. బరువైన సోఫా కిందికి మాప్ వెళ్ళదు, అక్కడ ఎవరూ నడవరు కూడా. అక్కడి దుమ్ము తుడిచి చూస్తే టైల్ అద్దంలా మెరిసింది. ఈ ఒక్కదాన్ని చూస్తే నడక లేకపోవడం వల్లే అక్కడ మెరుపు మిగిలిందని వాదించవచ్చు. అందుకే తలుపు వెనక మూల కూడా చూశాను. అక్కడా ఎవరూ నడవరు, కానీ మాప్ మాత్రం రోజూ వెళుతుంది. ఆ మూల హాలు మధ్యలో ఉన్నంత మసకగానూ ఉంది. అంటే నేలను పాడుచేస్తున్నది కాళ్ళు కాదు, తుడవడమే.

తర్వాత రెండు చిన్న పరీక్షలు చేశాను. ఇవి ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. అప్పుడే తుడిచి ఆరిన నేల మీద, గోరువెచ్చని మంచినీటిలో తడిపి పిండిన తెల్లటి నూలుగుడ్డతో ఒక టైల్‌ను గట్టిగా రుద్దాను. గుడ్డ బూడిద రంగుకు వచ్చింది. తర్వాత ఇంకో టైల్ మీద కొంచెం వేడినీళ్ళు పోసి, ఏ లిక్విడూ కలపకుండా, బ్రష్‌తో రుద్దాను. నురగ వచ్చింది. మేం పోసినవి ఉత్త నీళ్ళు కాబట్టి ఆ నురగ నేలలోంచే రావాలి. నిన్నటిదీ మొన్నటిదీ, అంతకు ముందుదీ అయిన లిక్విడ్ అంతా ఆ టైల్ మీదే ఆరి ఉంది.

"చూడండి, ఇది అరుగుదల కాదు. పొర," అన్నాను. ఇంటావిడ నమ్మీ నమ్మనట్టు ఆ నురగను వేలితో తాకి చూసింది.

ఎలా తుడుస్తున్నారో చూడటం

నా పనిలో ఇది ముఖ్యమైన భాగం. ఎలా తుడుస్తారని అడిగితే అందరూ తాము తుడవాలనుకునే పద్ధతి చెబుతారు. అందుకని, రోజూ ఎలా చేస్తారో అలాగే చేయమని, మధ్యలో ఏమీ అననని చెప్పి పక్కన నిలబడ్డాను.

ఇంటావిడ ముందు చీపురుతో ఊడ్చింది. తర్వాత గిర్రున తిప్పి పిండే మాప్ బకెట్‌లో సుమారు నాలుగు లీటర్ల నీళ్ళు పట్టి, సీసా వంచి లిక్విడ్ పోసింది. మళ్ళీ అంతే పోయమని అడిగి, ఆ పరిమాణాన్ని కొలగ్లాసులో పట్టాను. 110 మిల్లీలీటర్లు. సీసా మీద రాసి ఉన్నది ఐదు లీటర్లకు ఒక మూత, ఆ మూతలో పట్టేది 20 మిల్లీలీటర్లు. లెక్క వేస్తే లీటరుకు 4 మిల్లీలీటర్లు ఉండాల్సిన చోట 27 దాటింది. దాదాపు ఏడు రెట్లు.

తుడవడం వంటగదిలో మొదలైంది. పొయ్యి ముందున్న జిడ్డంతా మాప్‌కు ఎక్కింది. అదే మాప్‌ను అదే నీటిలో ముంచి, తిప్పి, హాల్లోకి వచ్చింది. హాలు సగం అయ్యేసరికి బకెట్ అడుగు కనిపించడం మానేసింది. మిగతా సగం, పాలరాతి గది, చివరికి లామినేట్ గది కూడా ఆ నీటితోనే పూర్తయ్యాయి. నీరు మార్చలేదు. మంచినీటితో మళ్ళీ తుడవలేదు. ఫ్యాన్లు వేసి ఆరబెట్టేశారు.

హాలు పూర్తయ్యేసరికి బకెట్‌లో దాదాపు లీటరు నీరు తగ్గింది. మాప్ పీల్చుకున్నది తీసేసినా మిగతాదంతా నేల మీదే ఉంది. ఆరినప్పుడు నీరు మాత్రమే ఆవిరవుతుంది. అందులో కరిగిన సబ్బు పదార్థం, సువాసన నూనెలు, రంగు, వంటగది జిడ్డు, నీటిలో సహజంగా ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కడికీ పోవు. తలకు షాంపూ పట్టించి, కడగకుండా తువ్వాలుతో ఒత్తుకుని వదిలేస్తే జుట్టు ఎలా ఉంటుందో ఆ నేల అలా ఉంది. పైగా ఈ పొరకు దుమ్ము చక్కగా అంటుకుంటుంది. దుమ్ము అంటుకుంటే ఇంకా మురికిగా కనిపిస్తుంది, మురికిగా కనిపిస్తే ఇంకొంచెం లిక్విడ్ ఎక్కువ పోస్తారు. ఆ ఇంట్లో లిక్విడ్ పరిమాణం పెరుగుతూ వచ్చింది ఇలాగే. అందులో వాళ్ళ అశ్రద్ధ ఏమీ లేదు, శ్రద్ధ ఎక్కువైంది.

శుభ్రం చేసే పనికి నాలుగు బలాలు ఉంటాయని మా రంగంలో అందరూ నేర్చుకునే పాఠం. 1959లో జర్మనీలోని హెంకెల్ కంపెనీ రసాయన నిపుణుడు హెర్బర్ట్ జిన్నర్ దాన్ని ఒక వృత్తంగా గీసి చూపించాడు. రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. ఇళ్ళలో సాధారణంగా జరిగేదేమిటంటే, చన్నీళ్ళు వాడతారు, మాప్ పైపైన తిప్పుతారు, నాననివ్వరు. మిగిలిన ఒక్క రసాయనాన్నే పెంచుకుంటూ పోతారు. ఈ వృత్తానికి నేను నా అనుభవంతో ఐదోది ఒకటి కలుపుకుంటాను: విడిపోయిన మురికిని నేల మీద నుంచి ఎత్తివేయడం. ఎత్తకపోతే ఎంత గొప్ప లిక్విడైనా మురికిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడానికే పనికొస్తుంది.

నాలుగు గళ్ళ పరీక్ష

మాటలతో ఒప్పించడం నాకు ఇష్టం ఉండదు. హాలు మధ్యలో, వెలుగు బాగా పడేచోట, పేపర్ టేపుతో నాలుగు సమానమైన గళ్ళు గీశాను. ఒక్కో గడిని ఒక్కో పద్ధతిలో తుడిచి, ఆరాక ఇంట్లోవాళ్ళనే చూడమన్నాను.

మొదటి గడి వాళ్ళ పాత పద్ధతి. రెండోది అదే లిక్విడ్, సీసా మీద రాసినంతే, తర్వాత మంచినీటితో ఒకసారి. మూడోది ఉత్త గోరువెచ్చని నీళ్ళు, మైక్రోఫైబర్ గుడ్డ, కొంచెం ఒత్తిడి. నాలుగోది చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, ఐదు లీటర్ల గోరువెచ్చని నీటిలో ఒక పెద్ద చెంచాడు; పోసి ఐదు నిమిషాలు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, ఆ నీటిని వైపర్‌తో లాగి ఎత్తేసి, మంచినీటితో రెండుసార్లు తుడిచాను.

ఆరాక మొదటి గడి చుట్టుపక్కల నేలలాగే ఉంది. రెండోది కాస్త నయం. మూడోది చూసి అందరూ ఆశ్చర్యపోయారు: ఏ లిక్విడూ లేని గడి, లిక్విడ్ ఉన్న రెండింటికంటే శుభ్రంగా ఉంది. నాలుగో గడి మాత్రం సోఫా కింది టైల్‌తో సమానంగా మెరిసింది. టైల్స్ మార్పించే మాట ఆ సాయంత్రంతో ముగిసింది.

మూడో గడి విషయంలో ఒక వివరణ అవసరం. మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్, పాలిఅమైడ్ పోగులను చాలా సన్నగా చీల్చి నేసిన గుడ్డ. చీలిన అంచులు మురికిని గీకి తమలో ఇరికించుకుంటాయి. మామూలు నూలు మాప్ నీటిని బాగా పీల్చుకుంటుంది కానీ సన్నటి పొరను గీకలేదు. అయితే మైక్రోఫైబర్‌ను ఉతికేటప్పుడు బట్టలను మెత్తబరిచే కండిషనర్ కలిపితే ఆ చీలికలు పూడుకుపోతాయి, తర్వాత అది మామూలు గుడ్డే. బ్లీచ్, మరీ ఎక్కువ వేడి కూడా దానికి పనికిరావు.

హాలు

పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చుకోదు. దాని బరువులో 0.5 శాతానికి మించి పీల్చని టైల్‌నే ఈ తరగతిలో లెక్కిస్తారు. కాబట్టి పొర లోపలికి దిగే భయం తక్కువ. కానీ పాలిష్ పట్టేటప్పుడు టైల్‌లోని కంటికి కనిపించని రంధ్రాలు తెరుచుకుంటాయి. పొర వాటిలోకి దూరి కూర్చుంటుంది. అందుకే నాననివ్వడం తప్పనిసరి.

నాలుగో గడి పద్ధతినే హాలంతా చేశాం, ముక్కలు ముక్కలుగా. ఒక మనిషి చేయి తిరిగినంత మేర తడపడం, నాననివ్వడం, రుద్దడం, ఎత్తడం. ఎక్కడా నీరు దానంతటది ఆరిపోనివ్వలేదు. వైపర్‌తో ఒకచోటికి లాగిన నీటిని చేటలాంటి ప్లాస్టిక్ డస్ట్‌పాన్‌లోకి ఎత్తి బకెట్‌లో పోశాం. మొదట ఎత్తిన నీరు చిక్కటి బూడిద రంగులో, నురగతో ఉంది. మంచినీటితో కడిగినప్పుడు నురగ పూర్తిగా ఆగేవరకూ ఆపలేదు. ఎప్పుడు ఆపాలో చెప్పేది గడియారం కాదు, ఆ నురగే.

చాకలి సోడాకు క్షారగుణం ఎక్కువ. చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. నేల తడిగా ఉన్నంతసేపు ఇంట్లో పెద్దవాళ్ళను, పిల్లలను ఆ గదిలోకి రానివ్వలేదు. సబ్బు పొర ఉన్న నేల పొడిగా ఉన్నప్పుడు జిగటగా ఉంటుంది కానీ తడిస్తే చాలా జారుతుంది. ఇలాంటి ఇళ్ళలో నేను మెరుపు కంటే ముందు ఆలోచించేది దీని గురించే. ఆ ఇంట్లో కర్ర ఊతంతో నడిచే పెద్దావిడ ఉంది.

వంటగది

ఇక్కడ సమస్య టైల్‌లో కంటే టైల్స్ మధ్య గీతల్లో ఉంది. గ్రౌట్ అంటే సిమెంటు, దానికి సన్నటి రంధ్రాలుంటాయి, జిడ్డునీటిని పీల్చుకుంటుంది. ఈ ఇంట్లో ఒకప్పుడు లేత బూడిద రంగు గ్రౌట్, పొయ్యి ముందు నల్లగా, ఫ్రిజ్ కింద ఇంకా లేతగానే ఉంది.

చాలామంది గ్రౌట్ మీద యాసిడ్ పోస్తారు. వెంటనే తెల్లబడుతుంది కూడా. కానీ యాసిడ్ మురికిని తీయలేదు, మురికి పట్టిన సిమెంటు పైపొరనే కరిగించింది. రెండు మూడు సార్లు అలా చేస్తే గ్రౌట్ గుల్లబారి, గుంటలు పడి, అంతకుముందు కంటే ఎక్కువ మురికిని పట్టుకుంటుంది. క్లోరిన్ బ్లీచ్ మరకకు రంగు పోగొడుతుంది, జిడ్డును తీయదు. ఇక ఈ రెండింటినీ కలపడం, ఒకదాని వెంట ఒకటి పోయడం ప్రాణాంతకం. ఆమ్లం తగిలిన బ్లీచ్ నుంచి క్లోరిన్ విషవాయువు వస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిసినా విషవాయువులే. మూసిన చిన్న గదుల్లో ఇది చాలా వేగంగా ప్రమాదం తెస్తుంది. ఏ ఇంట్లో పనిచేసినా ఈ ఒక్క మాట చెప్పకుండా నేను బయటికి రాను.

మేం ముందు జిడ్డు తీశాం, తర్వాతే రంగు సంగతి చూశాం. చేయి పట్టేంత వేడి నీటిలో చాకలి సోడా, గ్రౌట్ గీతల వెంట సన్నటి నైలాన్ బ్రష్. నీరు ఎత్తేశాక, సోడియం పెర్‌కార్బొనేట్ పొడిని వేడినీటిలో కలిపి గీతల మీద పోసి పావుగంట ఉంచాం. ఇది నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది; క్లోరిన్ వాసన లేకుండా సేంద్రియ మరకల రంగు పోగొడుతుంది. తర్వాత మళ్ళీ రుద్ది, ఎత్తి, మంచినీటితో కడిగాం. పొయ్యి ముందు గీతలు పూర్తిగా పాత రంగుకు రాలేదు. వచ్చినంత చాలన్నాను, ఇంకా రుద్దితే గ్రౌట్ పోతుంది. బాగా ఆరాక గ్రౌట్ సీలర్, అంటే నీటినీ జిడ్డునూ లోపలికి దిగనివ్వని పూత, పూయమని చెప్పాను, ముఖ్యంగా పొయ్యి ముందు, సింక్ ముందు.

పాలరాతి గది

నాకు ఎక్కువ బాధ కలిగించిన గది ఇది. తెల్ల పాలరాయి, చక్కటి చారలు, కానీ మంచం పక్కన అక్కడక్కడా మసక చుక్కలు. ఎంత రుద్దినా పోవడం లేదన్నారు. వేలితో తడిమి చూశాను. చుట్టూ నున్నగా, చుక్కలున్న చోట కొంచెం గరుకుగా ఉంది.

మరకకూ తినివేతకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. మరకంటే రాతిలోకి ఏదో దిగింది, ఆ చోటు ముదురు రంగులో ఉంటుంది. తినివేతంటే రాయే కొంత పోయింది, ఆ చోటు వెలిసినట్టు, మెరుపు చచ్చినట్టు ఉంటుంది. పాలరాయి కాల్షియం కార్బొనేట్. ఏ ఆమ్లం తగిలినా కరిగి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. వెనిగర్ చాలు, నిమ్మరసం చాలు.

"ఈ గదిలో వెనిగర్ వాడారా?" అని అడిగాను. మెరుపు పోతోందని వెనిగర్, వంటసోడా కలిపి మంచం పక్కన అక్కడక్కడా వేసి రుద్దారట. సహజమైనవే కదా, హాని ఉండదనుకున్నారు. ఈ మిశ్రమం చాలామంది మంచి మనసుతో ఒకరికొకరు చెప్పుకునేది. పొంగు చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆమ్లం, క్షారం కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సరిపడా పాళ్ళలో కలిస్తే చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ కరిగిన నీళ్ళే, దానికి మురికి తీసే శక్తి పెద్దగా ఉండదు. వెనిగర్ పాలు ఎక్కువైతే ఆ మిగులు ఆమ్లం రాతిని తింటుంది. ఇక్కడ జరిగింది అదే.

పాలరాయికి ఇంకో శత్రువు ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్దపై పాలరాతిలోని కాల్సైట్ 3, ఇసుకలోని క్వార్ట్‌జ్ 7. కాలి కింద ఒక ఇసుకరేణువు నలిగినప్పుడల్లా ఒక గీత. అందువల్ల ఈ గదిలో తడిగుడ్డ కంటే ముందు పొడి గుడ్డకే ప్రాధాన్యం. పొడిగా ఉన్నప్పుడు పొడి మైక్రోఫైబర్‌తో ఇసుక, దుమ్ము ఎత్తేయాలి, ఆ తర్వాతే తడి. ఊడ్చకుండా తడిగుడ్డ వేస్తే అది ఇసుకను నేల మీద ఈడుస్తుంది.

ఇక్కడ చాకలి సోడా వాడలేదు. తటస్థమైన, అంటే ఆమ్లమూ క్షారమూ కాని, పీహెచ్ 7 దగ్గర ఉన్న రాతి క్లీనర్‌ను సీసా మీద రాసినంతే కలిపి, గోరువెచ్చని నీటితో, మెత్తటి గుడ్డతో, ఓపిగ్గా తుడిచాం. ప్రతిసారీ మంచినీటితో ఎత్తి, పొడి గుడ్డతో ఒత్తాం. పొర పోయింది, చారలు మళ్ళీ కనిపించాయి. తినేసిన చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి, ఉంటాయి కూడా. వాటిని శుభ్రం చేసే పద్ధతి అంటూ లేదు. రాతికి మళ్ళీ పాలిష్ పట్టేవాళ్ళే సరిచేయాలి. పోగొడతామని ఆశ పెట్టి ఇంకేదో పూయడం నాకు చేతకాదు, ఆ మాటే చెప్పాను.

లామినేట్ గది, స్నానాల గది

లామినేట్ పైకి చెక్కలా కనిపిస్తుంది, లోపల ఉన్నది గట్టిగా నొక్కిన చెక్క పీచు పలక. పై పొర నీటిని ఆపుతుంది, అతుకులు ఆపవు. మాప్ నుంచి నీరు కారుతూ ఉంటే అది అతుకుల్లోకి దిగి పలక అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి తిరిగి చదును కావు. కిటికీ పక్కన రెండు పలకల అంచులు అప్పటికే లేచి ఉన్నాయి. ఈ గదికి మాప్ పూర్తిగా మానిపించాను. పొడి మైక్రోఫైబర్, అవసరమైతే గట్టిగా పిండిన, నిమిషం రెండు నిమిషాల్లో ఆరిపోయేంత తడి మాత్రమే ఉన్న గుడ్డ. ఆవిరి మాప్ కొనాలనుకుంటున్నామన్నారు. లామినేట్‌కు వద్దు, వేడి ఆవిరి అతుకుల్లోకి నీటికంటే తేలిగ్గా దూరుతుంది.

స్నానాల గదిలో తెల్లటి పొలుసు నీటి లవణాలది. అది సిరామిక్ నేల కాబట్టి అక్కడ సిట్రిక్ యాసిడ్ పలచగా వాడవచ్చు. ముందు గ్రౌట్‌ను మంచినీటితో తడపాలి, అప్పుడు ఆమ్లాన్ని ఎక్కువ పీల్చుకోదు. కొద్ది నిమిషాలు ఉంచి, రుద్ది, బాగా కడిగేయాలి. ఆమ్లం పని ఉన్నది ఆ ఇంట్లో ఆ ఒక్క గదిలోనే.

రోజువారీ పద్ధతి

పొర తీయడం నా పని. అది మళ్ళీ పట్టకుండా చూడటం ఇంట్లోవాళ్ళ పని. కాబట్టి వాళ్ళు రోజూ చేయగలిగేంత తేలిక పద్ధతి కావాలి. నేను రాసిచ్చినదాన్ని వాళ్ళతో ఒకటికి రెండుసార్లు చేయించి, ఇబ్బందిగా ఉన్నవి మార్చాను.

తుడిచే వరుస తిరగబడింది. తక్కువ మురికి ఉన్నచోట మొదలుపెట్టి ఎక్కువ ఉన్నచోట ముగించాలి: పాలరాతి గది, హాలు, చివర్లో వంటగది. వంటగదికి వేరే గుడ్డ, వేరే రంగుది. ప్రతిరోజూ ముందు పొడి పని. వాక్యూమ్ క్లీనర్ ఉంది కాబట్టి, తిరిగే బ్రష్ లేని హెడ్ తగిలించి వాడమన్నాను. తిరిగే బ్రష్ గట్టి నేల మీద ఇసుకను విసిరికొడుతుంది.

రెండు బకెట్లు. ఒకదానిలో తుడిచే నీరు, ఇంకోదానిలో మాప్‌ను జాడించే నీరు. మురికి మాప్ మొదట జాడించే బకెట్‌లో మునగాలి, పిండాలి, ఆ తర్వాతే తుడిచే నీటిలోకి వెళ్ళాలి. జాడించే నీటిలో అడుగు కనిపించకపోతే మార్చాలి. వెడల్పాటి చదును మాప్‌ను వెనక్కి నడుస్తూ పాములా వంపులు తిప్పుతూ లాగాలి, ముందున్న అంచు ఎప్పుడూ అదే ఉండాలి. అలాగైతే ఎత్తిన మురికి మళ్ళీ వెనక్కి రాలదు. గుడ్డతో చేసేవాళ్ళు దాన్ని ఎనిమిది మడతలుగా మలిచి, ఒక్కో ముఖం మురికైన వెంటనే కొత్త ముఖం తిప్పుకోవచ్చు.

లిక్విడ్ రోజూ వద్దన్నాను. హాల్లో మామూలు రోజుల్లో మంచినీళ్ళే. మురికి ఎక్కువ ఉన్న రోజు, లేదా వారానికి ఒకసారి, మూతతో కొలిచి లిక్విడ్. ఆ రోజు తర్వాత మంచినీటితో తుడవడం తప్పనిసరి. వంటగదిలో రోజూ గోరువెచ్చని నీళ్ళు, పొయ్యి ముందు మాత్రం కొలిచిన లిక్విడ్. సీసా పక్కన 20 మిల్లీలీటర్ల కొలకప్పు ఒకటి దారంతో కట్టి వచ్చాను. ఈ మొత్తం ఇంట్లో మార్పు తెచ్చింది ఏదని అడిగితే, ఆ కప్పు, ఆ రెండో బకెట్ అని చెబుతాను.

లిక్విడ్ రోజూ వద్దనడానికి పెద్దావిడ ఒప్పుకోలేదు. "వాసన రాకపోతే తుడిచినట్టు ఎలా తెలుస్తుంది నాయనా?" అంది. న్యాయమైన ప్రశ్నే. సువాసన వస్తే శుభ్రమైనట్టు అన్న నమ్మకం మనలో చాలామందికి బలంగా ఉంటుంది. నేను తెల్లగుడ్డ తెచ్చి, వాసన వచ్చే పాత గది మూలలో ఒకటి, వాసన లేని కొత్తగా తుడిచిన మూలలో ఒకటి రుద్ది ఆమె చేతికిచ్చాను. "అమ్మా, శుభ్రానికి వాసన ఉండదు. గుడ్డకు తెలుస్తుంది," అన్నాను. ఆమె రెండు గుడ్డలనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత కోడలితో, "ఆ సీసా పైన పెట్టేయమ్మా," అంది.

క్రిముల సంగతి ఏమిటని కోడలు అడిగింది. ఇంట్లో ఎవరికీ జబ్బు లేనప్పుడు నేలకు రోజూ క్రిమినాశని అవసరం లేదు. మురికిని ఎత్తివేసినప్పుడు దానితో పాటు చాలా క్రిములూ పోతాయి. వాంతి, విరేచనం లాంటివి పడినప్పుడు, పెంపుడు జంతువు పాడుచేసినప్పుడు క్రిమినాశని వాడాలి. అప్పుడు కూడా ముందు మురికి తీసి శుభ్రం చేయాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ శక్తి ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. తర్వాత సీసా మీద రాసినంత సేపు నేల తడిగా ఉండాలి, చాలా లిక్విడ్లకు అది పది నిమిషాలు. పోసిన వెంటనే తుడిచేస్తే అది క్రిమినాశనం కాదు. ఇక పాలరాతి మీద, లామినేట్ మీద బ్లీచ్ అసలు వద్దు.

గుమ్మం దగ్గర లోపల ఒకటి, బయట ఒకటి పట్టా వేయించాను. బయటిది గరుకుగా ఇసుక గీకేది, లోపలిది తడి పీల్చేది. ఇంట్లోకి వచ్చే ఇసుకలో అత్యధికం కాళ్ళతోనే వస్తుంది. రాకుండా ఆపిన ఇసుక ఏ నేలనూ గీయదు. పట్టాలను వారానికి ఒకసారి బయట దులపమన్నాను, లేకపోతే అవే ఇసుక పెట్టెలవుతాయి.

మళ్ళీ వెళ్ళినప్పుడు

కొన్ని వారాల తర్వాత వెళ్ళాను. వెంటనే టార్చి, తెల్లగుడ్డ, వేడినీళ్ళు తీశాను. హాల్లో నురగ రాలేదు. గుడ్డ మీద లేత బూడిద జాడ ఉంది, అది ఆ రోజు దుమ్మే. తలుపు వెనక మూల, సోఫా కింది టైల్ ఇప్పుడు ఒకేలా మెరుస్తున్నాయి. చెప్పుల్లేకుండా నడిచినా ముద్రలు పడలేదు.

వంటగదిలో సీలర్ వేసిన గీతలు బాగున్నాయి. పొయ్యి ముందు మాత్రం లిక్విడ్ మళ్ళీ ఎక్కువైనట్టు నురగ కనిపించింది. అడిగితే, జిడ్డు ఎక్కువగా ఉన్న రోజుల్లో రెండు మూతలు వేస్తున్నామన్నారు. అక్కడ లిక్విడ్ పెంచే బదులు నీటి వేడి పెంచి, ఐదు నిమిషాలు నాననివ్వమని చెప్పి ఆ ఒక్క చోటు మళ్ళీ కడిగి చూపించాను.

పాలరాతి చుక్కలకు పాలిష్ పట్టించుకోవాలని నిర్ణయించుకున్నారు, గది ఖాళీ చేసే వీలు చూసుకుని. లామినేట్‌లో లేచిన రెండు పలకలు తీసి కొత్తవి వేయించాలి. అంతకు ముందు ఆ కిటికీ చట్రం సందు మూయించమన్నాను. వాన పడితే గోడ వెంట నీరు దిగి అదే చోట చేరుతోంది. పలకలు మార్చి అది మూయకపోతే కొత్తవీ ఉబ్బుతాయి.